పాపక్షమాపణ: చెప్పేదా, పొందేదా?

సందేహం: బాప్తిస్మం రోజున చదవడానికి మా అబ్బాయి సాక్ష్యం రాసుకున్నాడు. అందులో ‘నేను బాప్తిస్మం తీసుకుని, పాపక్షమాపణ పొంది, నూతన సృష్టినయ్యాను’ అని ఉంది. క్షమాపణ తప్పు చేసినవాడు చెప్పేది కదా, పొందేది ఎలా అవుతుంది? ‘సృష్టినయ్యాను’ కూడా వింతగా ఉంది. ‘పునర్జన్మ ఎత్తాను’ అంటే సరిపోదా? ఇంకోచోట ‘క్షమార్పణ’ అని రాశాడు. ఏది ఒప్పు? (ఒక పాఠకురాలు)

సమాధానం: మీరు ఉదహరించిన వాక్యంలో దిద్దాల్సింది ఏమీ లేదమ్మా. అయితే క్షమాపణ గురించి మీకు వచ్చిన అనుమానం తేలిగ్గా తీసేయదగ్గది కాదు. సంస్కృతంలో ‘క్షమ్’ ధాతువుకు ఓర్చుకోవడం అని అర్థం. ఎంత తొక్కినా ఓర్చుకుంటుంది కాబట్టే భూమికి ‘క్షమ’ అని పేరు. దానికి ప్రేరణార్థకం చేరితే ‘క్షమాపణం’, అంటే ఎదుటివాడు క్షమించేలా చేయడం, మన్నింపు వేడుకోవడం. ఆ లెక్కన మీ మాటే నిజం.

కానీ తెలుగులో ఈ మాట రెండు వైపులా నడుస్తోంది. ‘క్షమాపణ చెప్పాడు’ అన్నప్పుడు అది తప్పు చేసినవాడి నోటి మాట. ‘క్షమాపణ కోరాడు’ అన్నప్పుడో? కోరేది ఎదుటివాడి దగ్గర ఉన్నదాన్నే. అంటే ఇక్కడ క్షమాపణకు మన్నింపు అనే అర్థం. రెండు వాక్యాలూ రోజూ వాడుతూనే, మధ్యలో అర్థం అటు నుంచి ఇటు దూకిన సంగతి మనం గమనించం. తెలుగు బైబిలు ఈ రెండో అర్థాన్నే తీసుకుంది. అపొస్తలుల కార్యములు 2:38లో పేతురు ‘పాపక్షమాపణ నిమిత్తము’ బాప్తిస్మం పొందమంటాడు. అక్కడి గ్రీకు మాట ‘అఫెసిస్’, అంటే వదిలిపెట్టడం. లూకా 4:18లో అదే మాటను ‘చెరలోనున్న వారికి విడుదల’ అని తెలుగు చేశారు. కాబట్టి పాపక్షమాపణలో ‘సారీ’ చెప్పడం కంటే కట్లు విప్పడమే ఎక్కువ. ప్రభువు ప్రార్థనలో ‘మా ఋణములు క్షమించుము’ అని ఉంటుంది చూడండి. వాడుకలో అప్పును మాఫీ చేస్తాం, వదిలేస్తాం, క్షమించం. అయినా ఆ ప్రయోగం విశ్వాసుల నోట ఎంతగా నలిగిందంటే ఇప్పుడెవరికీ ఎబ్బెట్టుగా అనిపించదు.

ఇక బాప్తిస్మం. ‘తీసుకున్నాడు’ అనేది వాడుక, ‘పొందాడు’ అనేది గ్రంథభాష. రెండూ సరైనవే. ‘చేసుకున్నాడు’ అంటేనే చెవికి గుచ్చుకుంటుంది, ఎందుకంటే అది మరొకరి చేతి మీదుగా రావాలి. కతోలికులు జ్ఞానస్నానం అంటారు. మామూలు స్నానం మనమే చేస్తాం, జ్ఞానస్నానం మాత్రం పొందుతాం. క్రియ మారడంలోనే వారి విశ్వాసం ఉంది.

‘సృష్టినయ్యాను’లో ‘ని’ని ద్వితీయా విభక్తి అనుకుని మీరు తికమకపడి ఉంటారు. అది విభక్తి కాదు. ‘నేను రోగిని’, ‘నేను మనిషిని’ అన్నప్పుడు వచ్చే ఉత్తమ పురుష ప్రత్యయం. సృష్టి అంటే సృష్టించే పని మాత్రమే కాదు, సృష్టి అయిన వస్తువు కూడా. ‘క్రీస్తునందున్నయెడల వాడు నూతన సృష్టి’ అని రెండో కొరింథీ పత్రిక 5:17లో ఉంది. మీ అబ్బాయి ఆ ‘వాడు’ను ‘నేను’గా మార్చుకున్నాడు, అంతే.

‘పునర్జన్మ ఎత్తాను’ మాత్రం వద్దు. ‘పునర్జన్మ’ అన్నది బైబిల్లో లేని మాటేం కాదు; తీతు 3:5లో ‘పునర్జన్మసంబంధమైన స్నానము’ అని ఉండనే ఉంది. చిక్కంతా ‘ఎత్తు’తోనే. జన్మ ఎత్తడమంటే ఒక దేహం విడిచి మరో దేహంలో పుట్టడమని మన చెవి అలవాటు పడింది. యోహాను సువార్త మూడో అధ్యాయంలో, మళ్లీ పుట్టాలని యేసు చెప్పినప్పుడు నీకొదేము అనే యూదుల అధికారి కూడా ముసలివాడు మళ్లీ తల్లి గర్భంలోకి వెళ్లి పుట్టగలడా అని అడుగుతాడు. యాక్సిడెంట్‌లో బతికి బయటపడ్డవాళ్లు ‘ఇది నాకు పునర్జన్మ’ అంటారు కదా, అదీ ఇక్కడ పొసగదు. అక్కడ చావు తప్పి పాత మనిషే మిగులుతాడు. రోమా పత్రిక 6లో పౌలు చెప్పేది దీనికి తలకిందులు: ప్రాచీన స్వభావం సిలువ వేయబడింది, బాప్తిస్మంలో పాతిపెట్టబడ్డాం అంటాడు. తప్పించుకున్న చావు కాదది, జరిగిన చావు. ‘నూతన సృష్టి’ అంటే ఈ భావం చెడకుండా ఉంటుంది. సులువైన మాటే కావాలంటే ‘తిరిగి జన్మించాను’ అనవచ్చు.

‘క్షమార్పణ’ తప్పు. ‘అర్పణ’ అనే మాట బాగా వినిపిస్తుంది కాబట్టి దాని పోలికతో పుట్టిన రూపం అది. విడదీస్తే క్షమను అర్పించడం అవుతుంది, మీ అబ్బాయి చెప్పదలుచుకున్నది అది కాదు. ఆ ఒక్కచోట ‘క్షమాపణ’ అని దిద్దమనండి.