డాక్టర్ సలహా: స్కేట్లు వేసుకున్న పది నిమిషాలకే మా అబ్బాయి పాదాలు పట్టేస్తున్నాయి

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మేం కెనడాలోని మిస్సిసాగాలో ఉంటున్నాం. మా అబ్బాయికి 12 ఏళ్లు. ఐస్ హాకీ ఆడటం ఇది రెండో ఏడాది. ఎదిగే పిల్లవాడు కదా, రెండేళ్లు పనికొస్తాయని ఈ సెప్టెంబరులో వాడి బూట్ల సైజులోనే, అంటే ఆరున్నర సైజు స్కేట్లు ఆన్‌లైన్‌లో కొన్నాం. వదులుగా ఉన్నాయంటే రెండు జతల సాక్సులు వేస్తున్నాను. మంచు మీదికి దిగిన పది నిమిషాలకే అరికాళ్లు పట్టేస్తున్నాయని, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని బెంచీ దగ్గరికి వచ్చి లేసులు విప్పుకుంటున్నాడు. చీలమండ ముందు భాగం ముట్టుకుంటే నొప్పి. లోపలి వైపు ఎముక మీద ఎర్రగా బుడిపె లేచింది. కోచ్ గారేమో అలవాటవుతుందిలే అంటున్నారు. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్య గారు రోజూ రాత్రి నువ్వుల నూనె వేడి చేసి మర్దన చేస్తున్నారు. వాడి పాదాల్లో ఏదైనా లోపం ఉందా? ఆట మాన్పించాలా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆట మాన్పించనక్కరలేదు. మీరు రాసిన దాన్నిబట్టి బాబు పాదాల్లో పుట్టుకతో వచ్చిన లోపం ఏదో ఉందని కూడా నాకు అనిపించడం లేదు. మీరు చెప్పిన నాలుగు బాధల్లో మూడింటికి మూలం స్కేట్ల సైజే. నాలుగోది, ఆ బుడిపె కూడా చాలావరకు అందువల్ల వచ్చిందే కావచ్చు గానీ, దాన్ని మాత్రం ఒక వైద్యుడు చేత్తో తాకి చూడాలి.

హాకీ స్కేట్ల సైజులు మామూలు బూట్ల సైజులతో కలవవు. బావర్, సీసీఎం వంటి పెద్ద కంపెనీల స్కేట్లను సాధారణంగా మనం రోజూ తొడుక్కునే బూటు కన్నా ఒకటి నుంచి ఒకటిన్నర సైజు తక్కువలో తీసుకోవాలి. ఆరున్నర బూటు వేసుకునే పిల్లవాడికి ఐదు లేదా ఐదున్నర స్కేటుతో మొదలుపెట్టి చూస్తారు. ఒక సైజుకూ తర్వాతి సైజుకూ పొడవులో తేడా సుమారు 8.5 మిల్లీమీటర్లు. అంటే మీ బాబు స్కేటులో దాదాపు సెంటీమీటరు ఖాళీ అదనంగా ఉంది. బడికి వేసుకెళ్లే బూటులో ఆ ఖాళీతో ఎలాగో సర్దుకోవచ్చు, మంచు మీద కుదరదు.

బిగుతైన చెప్పు కరుస్తుందని అందరికీ తెలుసు. వదులైనది ఎందుకు నొప్పి పుట్టిస్తుందని తల్లిదండ్రులు ఆశ్చర్యపోతుంటారు. స్కేటు మీద నిలబడినప్పుడు ఒంటి బరువంతా దాదాపు 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు బ్లేడు మీద ఉంటుంది. పాదం, బూటు, బ్లేడు మూడూ ఒకటిగా కదలాలి. బూటు వదులైతే లోపల పాదం జారుతుంది. వానలో పొలం గట్టు మీద నడిచేటప్పుడు జారిపోకుండా కాలి వేళ్లతో మట్టిని పట్టుకుంటాం చూడండి, బాబు తనకు తెలియకుండానే ఆ పనే చేస్తున్నాడు. వేళ్లను ముడిచి పట్టే ఆ చిన్న చిన్న కండరాలు అరికాలి వంపులోనే ఉన్నాయి. వాటికి క్షణం విశ్రాంతి లేకపోతే పది నిమిషాల్లో పట్టేయడం సహజం.

రెండోది చీలమండ ముందు నొప్పి. బూటు పెద్దదైతే అడుగడుక్కీ మడమ పైకి లేస్తుంది. మడమ లేస్తుంటే పిల్లవాడు లేసులను బలమంతా పెట్టి లాగి కడతాడు. పాదాన్నీ బొటనవేలినీ పైకి ఎత్తే స్నాయువులు సరిగ్గా లేసులు బిగిసే చోటే చర్మం కింద ఉంటాయి. వాటి మీద కండ పొర లేదు. మోకాలు వంచి ముందుకు ఒరిగిన ప్రతిసారీ బూటు టంగ్ (లేసుల కింద నాలుకలా ఉండే పట్టీ) వాటిని నొక్కి రాపాడిస్తుంది. హాకీ ఆడేవాళ్లు దీన్ని లేస్ బైట్ అంటారు. అదే చోట స్నాయువుల పక్క నుంచి ఒక సన్నని నరం పాదం పైకి వెళ్తుంది. అది నలిగితే బొటనవేలికీ పక్క వేలికీ మధ్య స్పర్శ మందగిస్తుంది. వేళ్ల తిమ్మిరికి ఈ నరం ఒక కారణం. బిగిసిన లేసుల వల్ల రక్త ప్రసారం తగ్గి, దానికి రింకు (మంచు మైదానం) చలి తోడవడం ఇంకో కారణం. లేసులు విప్పిన పావుగంటలో తిమ్మిరి పూర్తిగా పోతుంటే భయం లేదు. గంటల తరబడి నిలిచినా, పాదాన్ని పైకి ఎత్తడం కష్టమైనా అది వెంటనే చూపించాల్సిన విషయం.

సాక్సుల సంగతి. రెండు జతలు వేయడం మీరు ప్రేమతో చేస్తున్న పనే గానీ అది నొప్పిని పెంచుతోంది. ఒకదాని మీద ఒకటి జారడం వల్ల పాదానికి పట్టు మరింత తగ్గుతుంది. చెమటకు తడిసి, చలికి ఇంకా చల్లబడతాయి. నూలు సాక్సులైతే మరీ. చెమటను పీల్చి బయటికి వదిలే పల్చటి సాక్సు ఒక్క జత చాలు. సాక్సులే లేకుండా ఆడే పిల్లలు కూడా మీ బాబు జట్టులో ఉండవచ్చు. ఒకప్పటి కెనడా హాకీ దిగ్గజం బాబీ ఓర్ అంతటి ఆటగాడు అలాగే ఆడాడని వాళ్లు చెబుతారు, అది నిజమే. కానీ చర్మం ఒరిసిపోయే వయసులో పిల్లలకు నేను ఆ మాట చెప్పను.

ఇక బుడిపె. చీలమండ లోపలి వైపు గుండ్రంగా పొడుచుకొచ్చిన ఎముక మీదే అది ఉంటే, బూటు గోడకు రాపిడై చర్మం కింద ఉండే చిన్న తిత్తిలో నీరు చేరిందని అనుకోవచ్చు. స్కేటింగ్ చేసేవాళ్లలో ఇది మామూలే. ఆ ఎముకకు కాస్త ముందుకు, కిందికి, అరికాలి వంపు మొదలయ్యే చోట గట్టిగా తగులుతుంటే మాత్రం అక్కడ కొందరికి పుట్టుకతోనే ఉండే ఒక అదనపు చిన్న ఎముక కావచ్చు. సుమారు పది మందిలో ఒకరికి అది ఉంటుంది. చాలామందికి జీవితమంతా తెలియనే తెలియదు. గట్టి బూటు ఒత్తినప్పుడే బయటపడుతుంది. రెండింటికీ మొదటి చికిత్స ఒత్తిడి తీసేయడమే. నీటి తిత్తిని ఇంట్లో సూదితో పొడిచే ప్రయత్నం ఎవరూ చేయకండి, చీము పడుతుంది. బుడిపె వేడిగా ఉన్నా, ఎరుపు చుట్టూ పాకుతున్నా, జ్వరం వచ్చినా అదే రోజు చూపించండి. మీరుండే అంటారియో ప్రావిన్సులో 811కు ఫోన్ చేస్తే నర్సు మాట్లాడి ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.

స్కేట్ల దుకాణానికి వెళ్లే ముందు ఇంట్లో ఒక పని చేయండి. సాయంత్రం పూట, అంటే పాదాలు రోజంతా నడిచి కొద్దిగా ఉబ్బి ఉన్నప్పుడు, బాబును గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబెట్టి రెండు పాదాలకూ గీత గీయండి. పొడవు, అన్నిటికన్నా వెడల్పైన చోట వెడల్పు కొలవండి. రెండు పాదాలు కొద్దిగా తేడాగా ఉండటం మామూలే, పెద్ద పాదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ఆ కాగితం తీసుకుని, పాదాన్ని కొలిచి తొడిగి చూపించే దుకాణానికి వెళ్లండి. స్కేట్లు ఆన్‌లైన్‌లో కొనే వస్తువు కావు, కనీసం పిల్లలకు కావు.

తొడిగి చూసేటప్పుడు మడమను నేలకు తట్టి బూటులో వెనక్కి కూర్చోబెట్టాలి. నిటారుగా నిలబడితే బొటనవేలు ముందు డొప్పకు తాకీ తాకనట్టు ఉండాలి. మోకాళ్లు వంచితే వేళ్లు కాస్త వెనక్కి జరిగి మడమ కదలకుండా నిలవాలి. లేసులు వదులు చేసి పాదాన్ని ముందుకు జరిపినప్పుడు మడమ వెనుక ఒక వేలి కన్నా ఎక్కువ ఖాళీ ఉంటే అది పెద్దదే. ఎదిగే పిల్లలకు అర సైజు, అంటే 4 మిల్లీమీటర్ల మేర పెద్దది తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. అంతకు మించితే డబ్బు మిగలదు, నొప్పి మిగులుతుంది. ఈ వయసు అబ్బాయిల పాదాలు ఎంత వేగంగా పెరుగుతాయంటే, మూడు నెలలకోసారి కొలత చూడాల్సిందే.

మన వాళ్లలో ఇంకో అలవాటు తరచుగా చూస్తుంటాను. ముందు భాగం వెడల్పుగా ఉన్న పిల్లవాడికి బూటు పక్కల పట్టేస్తే పొడవు పెంచి కొంటారు. స్కేట్లలో పొడవుతో సంబంధం లేకుండా వెడల్పు, లోతు వేరుగా దొరుకుతాయి. బావర్‌లో ఫిట్ 1, 2, 3 అని, సీసీఎంలో టేపర్డ్, రెగ్యులర్, వైడ్ అని ఉంటాయి. లోతు సరిపోయిందో లేదో చూడటానికి సులువైన పరీక్ష ఒకటుంది. లేసులు కట్టకుండా, టంగ్‌ను ముందుకు లాగి, పై నుంచి మూడో రంధ్రాల జత దగ్గర ఒక పెన్సిలును అడ్డంగా పెట్టండి. పెన్సిలు బూటు అంచుల మీదే నిలవాలి. పాదానికి తగిలితే ఆ బూటుకు లోతు చాలదు. అలాంటి బూటులో లేసులు ఎలా కట్టినా చీలమండ ముందు నొప్పి వదలదు.

దుకాణంలో స్కేటును వేడి చేసి పాదానికి తగ్గట్టు మలచడం గురించి చెబుతారు. సైజు సరిగ్గా ఉన్న బూటుకు అది నిజంగా మేలు చేస్తుంది. వేడి బూటును తొడిగి, లేసులు కట్టి, పది పదిహేను నిమిషాలు లేవకుండా కూర్చోవాలి. ఆ తర్వాత ఒక రోజు మంచు మీదికి దిగకూడదు. పెద్ద బూటు దీనివల్ల చిన్నది కాదన్నది గుర్తుంచుకోండి, అంచేత ఇప్పుడున్న జతకు ఆ ఖర్చు పెట్టవద్దు. ఇంటి ఓవెన్‌లో ఆ ప్రయత్నం అసలే వద్దు. కొత్త బూటు బుడిపె దగ్గర మాత్రమే ఒత్తుతుంటే, ఆ ఒక్క చోట బూటు గోడను బయటికి ఉబ్బేలా సాగదీయమని అడగండి. పంచ్ చేయమంటే వాళ్లకు అర్థమవుతుంది.

కొత్తవి ఖరీదే, నాకు తెలుసు. వాడిన స్కేట్లు అమ్మే దుకాణాలు మీ ప్రాంతంలో చాలానే ఉంటాయి, పిల్లలు ఏడాదిలో వదిలేసిన మంచి జతలు దొరుకుతాయి. చీలమండ దగ్గర చేత్తో నొక్కితే మెత్తగా వంగిపోయేవి, లోపల పొర చిరిగినవి మాత్రం తీసుకోకండి. ఉన్న జతను అమ్మేసి సరైన సైజు వాడిన జత కొన్నా నాకు సంతోషమే.

లేసుల విషయంలో బాబుకే నేర్పండి. వేళ్ల దగ్గర కొద్దిగా వదులు, మధ్యలో బిగువు, చీలమండ వంగే చోట మడమ కదలనంత పట్టు. అన్నిటికన్నా పై రంధ్రం వదిలేసి కడితే చీలమండకు ముందుకు వంగే వీలు పెరుగుతుంది, టంగ్ ఒత్తిడి తగ్గుతుంది. మైనం పూసిన లేసులు కట్టిన చోటే నిలుస్తాయి కాబట్టి అతిగా లాగే అవసరం ఉండదు. నొప్పి తగ్గేదాకా టంగ్ కింద పల్చటి జెల్ పట్టీ పెట్టవచ్చు. పరుగు బూట్లలోని మందపాటి ఇన్‌సోల్ తెచ్చి స్కేటులో వేయకండి, అది మడమను పైకి లేపేస్తుంది. పాదం చదునుగా ఉందని ఎవరైనా అన్నా కంగారు పడకండి. నొప్పి లేని చదును పాదానికి పిల్లల్లో సాధారణంగా చికిత్స అక్కరలేదు.

మీ అత్తయ్య గారి నూనె మర్దన ఆపమని నేను చెప్పను. గోరువెచ్చని నూనెతో అరికాలికి, పిక్కకు నెమ్మదిగా చేయడం పట్టేసిన కండరాలకు హాయినిస్తుంది. ఎర్రబడిన బుడిపె మీద, చీలమండ ముందు నొప్పి ఉన్న చోట మాత్రం రుద్దవద్దని ఆవిడకు చెప్పండి. అక్కడ గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టాలి. ఆటకు వెళ్లే ముందు కూడా మర్దన వద్దు, జిడ్డు పాదం బూటులో మరింత జారుతుంది. ఇంట్లో వట్టి కాళ్లతో తిరగనివ్వండి. నేల మీద పరిచిన తువ్వాలును కాలి వేళ్లతో దగ్గరికి లాక్కునే వ్యాయామం, గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయడం రోజూ చేయించండి.

మాత్రల గురించి గట్టిగా చెబుతున్నాను. ఆటకు ముందు నొప్పి మాత్ర వేసి పంపకండి. ఎక్కడ దెబ్బతింటోందో చెప్పే ఆ నొప్పిని చెరిపేసి ఆడిస్తే గాయం పెరుగుతుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న పెద్దల నొప్పి మాత్రలు పిల్లలకు అసలే వద్దు. నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు ఇవ్వడాన్ని భారత ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. నిన్నటితో 12 నిండిన పిల్లవాడికి అది క్షేమమని ఎవరూ అనుకోకూడదు.

మీరు రాయకపోయినా ఇంకొకటి అడగాలి. మడమ వెనుక నొప్పి ఉందా? మడమను రెండు పక్కల నుంచి వేళ్లతో నొక్కితే బాబు అదిరిపడుతున్నాడా? 8 నుంచి 14 ఏళ్ల మధ్య మడమ ఎముక పెరిగే చోట వాపు రావడం ఆటలాడే పిల్లల్లో ఎక్కువ. దానికి స్కేటు మార్చడంతో పాటు కొంత విశ్రాంతి కూడా కావాలి. ఎముక మీద ఒకే చుక్క దగ్గర నొప్పి ఉన్నా, రాత్రి నిద్రలో నొప్పికి లేచినా, ఒంటి కాలి మీద గెంతలేకపోయినా, స్కేట్లు లేనప్పుడు కూడా కుంటుతున్నా ఎముకలో సన్నని పగులు ఉండవచ్చు. అప్పుడు ఆట పూర్తిగా ఆపి ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇదే శీర్షిక చదివే నాన్నలకు ఒక మాట. పిల్లల్ని దింపడానికి వెళ్లి తామూ స్కేటింగ్ మొదలుపెట్టిన నలభై ఏళ్ల వాళ్లు ఉన్నారు. మధుమేహం ఉంటే పాదంలో స్పర్శ తగ్గి పొక్కు లేచినా తెలియదు. రింకు నుంచి వచ్చిన ప్రతిసారీ అరికాళ్లు, వేళ్ల సందులు కళ్లతో చూసుకోండి.

కోచ్ గారి మాటలో కొంత నిజం ఉంది. సరైన సైజు కొత్త స్కేటు కూడా మొదటి కొన్ని వారాలు కాస్త ఇబ్బంది పెడుతుంది. అయితే ఆ ఇబ్బంది వారం వారం తగ్గుతూ పోవాలి. సెప్టెంబరులో కొన్న స్కేటు ఇప్పటికీ పది నిమిషాలకే పిల్లవాడిని బెంచీకి పంపిస్తోందంటే అది అలవాటయ్యే నొప్పి కాదని, సైజు మార్చేదాకా తక్కువ సేపు ఆడిస్తామని ఆయనతో నేరుగా చెప్పండి. ముందు మాత్రం బుడిపె తగ్గేదాకా స్కేట్లు పూర్తిగా పక్కన పెట్టించండి. సరైన జత వేసుకున్నాక రెండు మూడు వారాల్లో అరికాలి నొప్పి, తిమ్మిరి తగ్గాలి. తగ్గకపోతే పాదాల వైద్యుడికి చూపించండి, వెళ్లేటప్పుడు స్కేట్లు కూడా వెంట తీసుకెళ్లండి. పాదాన్ని మాత్రమే చూసి సగం సంగతే చెప్పగలం.