కమాండ్ ప్రాంప్ట్‌ను ఏ దారిన తెరవాలి: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబు బాధ్యత నీ చేతికి వచ్చిందని తెలిసి చాలా సంతోషించాను. కమాండ్లు టైపు చేసి కంప్యూటర్‌తో పని చేయించే నల్లటి విండోను, అంటే కమాండ్ ప్రాంప్ట్‌ను, తెరవడానికి ఒక్కో పుస్తకం ఒక్కో పద్ధతి చెబుతోందనీ, ల్యాబులో సగం కంప్యూటర్లలో విండోస్ 10, మిగిలిన సగంలో విండోస్ 11 ఉండడంతో పిల్లలకు ఏది నేర్పాలో తేల్చుకోలేకపోతున్నాననీ రాశావు. పాలిటెక్నిక్ ల్యాబులో నేను గడిపిన ముప్పై ఏళ్లలో, కొత్త విద్యార్థులు చేరిన ప్రతిసారీ ఇదే ప్రశ్న విన్నాను. మొదట్లో ఏదో ఒక పద్ధతి చెప్పి ఊరుకునేవాణ్ణి. అది చాలదని ఒక విద్యార్థికి జరిగిన నష్టం చూశాక తెలిసింది కాబట్టి, నీకు కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ఇన్ని దారులు ఉండడానికి కారణం ఉంది. ఏ దారిన తెరిచామన్నదాన్ని బట్టి ఆ నల్లటి విండో ఏ ఫోల్డర్‌లో నిలబడుతుందో, అక్కడ మనం ఇచ్చే కమాండ్‌కు ఎంత అధికారం ఉంటుందో మారిపోతాయి. విండో తెరుచుకోగానే కనిపించే వరుసలో, బాణం మొన లాంటి గుర్తుకు ముందు ఒక డ్రైవు పేరు, ఫోల్డర్ పేరు ఉంటాయి. ప్రాంప్ట్ అనే ఆ వరుసను చదవకుండా ఒక్క అక్షరం కూడా టైపు చేయకూడదన్నది మీ ల్యాబులో నియమంగా పెట్టమని నా కోరిక.

ఆ విద్యార్థి సంగతి చెబుతాను. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో, చివరి సంవత్సరం ప్రాజెక్టు చేస్తున్న ఒక అబ్బాయి డి డ్రైవులో పేరుకుపోయిన తాత్కాలిక ఫైళ్లను తీసేయాలనుకున్నాడు. అతని విండో అప్పటికి సి డ్రైవులోని తన ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఉంది. ఫోల్డర్ మార్చే సీడీ కమాండ్‌కు డి డ్రైవులోని ఫోల్డర్ పేరు ఇచ్చాడు, ఎంటర్ నొక్కాడు, ఏ తప్పూ చూపించలేదు కాబట్టి అక్కడికి వెళ్లిపోయాననుకున్నాడు. నిజానికి సీడీ ఒక్కటే ఇస్తే డ్రైవు మారదు. దాని పక్కన ఏటవాలు గీత (/), డి అక్షరం చేర్చి ఇవ్వాలి, లేదా ముందుగా డ్రైవు అక్షరమూ కోలనూ టైపు చేసి ఎంటర్ నొక్కాలి. అతను అన్ని ఫైళ్లనూ తొలగించే కమాండ్ ఇచ్చాడు, నిజంగా తొలగించాలా అని కంప్యూటర్ అడిగితే వై అని నొక్కాడు. అలా తొలగించిన ఫైళ్లు రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవు. మూడు నెలల పని పోయింది. ప్రాంప్ట్‌లో ఇంకా సి డ్రైవే కనబడుతోందని ఒక్కసారి చూసుకుని ఉంటే సరిపోయేది. ఆ మాట అతనికి ముందే చెప్పవలసినవాణ్ణి నేను.

ఇక దారుల విషయానికి వద్దాం. అన్నిటికన్నా పొట్టి దారి, మీ ల్యాబులోని రెండు విండోస్‌లలోనూ పనిచేసేది, విండోస్ కీని ఆర్‌తో కలిపి నొక్కడం. ఎడమ మూలన రన్ అనే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లీషులో సి, ఎం, డి అనే మూడు అక్షరాలు టైపు చేసి ఎంటర్ నొక్కితే చాలు. విండో మామూలు అధికారంతో, సి డ్రైవు యూజర్స్ ఫోల్డర్‌లో మన ఖాతా పేరుతో ఉన్న ఫోల్డర్‌లో తెరుచుకుంటుంది. నెట్‌వర్క్ చిరునామా చూసుకోవడానికి ఐపీకాన్ఫిగ్ ఇవ్వడం, పక్క కంప్యూటర్ అందుతోందో లేదో పింగ్ చేసి చూడడం వంటి పనులకు ఇంతకంటే వేరే దారి వెతకనక్కర్లేదు.

ఇక్కడ మన పిల్లలకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. కంప్యూటర్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకున్నవారు, అంతకుముందు తెలుగులో ఏదో టైపు చేసి ఆపేసి ఉంటే, రన్ పెట్టెలో ఆ మూడు అక్షరాలకు బదులు తెలుగు అక్షరాలు పడతాయి, అలాంటి పేరుతో ఏమీ దొరకలేదని విండోస్ చెబుతుంది. కంప్యూటర్ పాడైందని పిల్లలు కంగారు పడతారు. విండోస్ కీని స్పేస్ బార్‌తో కలిపి నొక్కితే కీబోర్డు భాష మారుతుందని మొదటి రోజే చెప్పెయ్యి. అలాగే ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టుకున్నవారికి, పాత నల్లటి విండోలో ఆ పేర్లు ఖాళీ గడులుగా కనబడవచ్చు. ఫైళ్లకు ఏమీ కాలేదు, ఆ విండోకు తెలుగు గుణింతాలను కలిపి చూపించే శక్తి లేదు, అంతే. ప్రాక్టికల్స్ చేసే ఫోల్డర్లకు మాత్రం ఇంగ్లీషు పేర్లు, అవి కూడా మధ్యలో ఖాళీలు లేకుండా, పెట్టించడం మేలు.

రెండో దారి స్టార్ట్ మెనూ. విండోస్ కీ నొక్కి వెంటనే అవే మూడు అక్షరాలు టైపు చేస్తే కమాండ్ ప్రాంప్ట్ పేరు పైకి వస్తుంది. కుడివైపున రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అనే మాట కూడా కనిపిస్తుంది. దాన్ని క్లిక్ చేసినా, లేదా కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని ఎంటర్ నొక్కినా విండో పూర్తి అధికారంతో తెరుచుకుంటుంది. అలా తెరిచేముందు విండోస్ అనుమతి అడుగుతుంది. మన ఖాతా సాధారణ ఖాతా అయితే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కూడా అడుగుతుంది. అందువల్లనే విద్యార్థుల ఖాతాలన్నీ సాధారణ ఖాతాలుగానే ఉంచి, ఆ పాస్‌వర్డ్‌ను నీ దగ్గర మాత్రమే పెట్టుకోమంటున్నాను.

అధికారంతో తెరిచిన విండోను గుర్తుపట్టడం తేలిక. పై పట్టీలో అడ్మినిస్ట్రేటర్ అన్న మాట ఉంటుంది, విండో మన ఫోల్డర్‌లో కాకుండా సి డ్రైవు విండోస్‌లోని సిస్టమ్32 ఫోల్డర్‌లో నిలబడుతుంది. ఆ ఫోల్డర్ విండోస్‌కు గుండెకాయ వంటిది కాబట్టి, అక్కడ నిలబడి తొలగించే కమాండ్లు ఇవ్వడం ఎంత ప్రమాదమో నీకు వేరే చెప్పనక్కర్లేదు. పాడైన సిస్టమ్ ఫైళ్లను సరిచేసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow), డిస్కును బాగుచేసే చెక్‌డిస్క్ వంటివి అధికారం లేకుండా పనిచేయవు. వాటికి మాత్రమే ఈ దారి వాడు, పని పూర్తయిన వెంటనే ఎగ్జిట్ అని టైపు చేసి మూసెయ్యి. మరో సంగతి: ల్యాబు సర్వర్‌లోని ఫోల్డర్‌ను విద్యార్థి ఖాతాలో జెడ్ డ్రైవుగా కలిపి ఉంటే, అధికారంతో తెరిచిన విండోలో ఆ డ్రైవు సాధారణంగా కనబడదు. సర్వర్ ఆగిపోయిందనుకుని వైర్లు తీసి చూడకముందు, ఏ విండోలో ఉన్నావో చూసుకో.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మూడో దారి, ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకు నేను మొదట చూపించేదీ అదే. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో తమ ప్రోగ్రాము ఉన్న ఫోల్డర్ తెరిచి, పైన ఫోల్డర్ చిరునామా కనిపించే పట్టీలో క్లిక్ చేసి, లేదా ఆల్ట్ పట్టుకుని డి నొక్కి, అక్కడున్నది తుడిచి సి, ఎం, డి టైపు చేసి ఎంటర్ నొక్కితే, విండో సరిగ్గా ఆ ఫోల్డర్‌లోనే తెరుచుకుంటుంది. పొడవాటి దారి పేర్లు టైపు చేయనక్కర్లేదు, డ్రైవు మార్చడం మరిచిపోయే ప్రమాదం లేదు. నేను చెప్పిన అబ్బాయి ఈ పద్ధతిలో తెరిచి ఉంటే అతని ప్రాజెక్టు నిలిచేది. సి భాష గానీ జావా గానీ నేర్చుకుంటున్న పిల్లలు తమ ఫైలు దొరకడం లేదని కంపైలర్ చెప్పిందని చెబితే, ఎక్కువసార్లు వాళ్ల విండో వేరే ఫోల్డర్‌లో ఉంటుంది. ఆ గొడవ ఈ దారిలో చాలావరకు తీరిపోతుంది.

దీనికి ఒక్క మినహాయింపు ఉంది. ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచినది డ్రైవు అక్షరం లేని నెట్‌వర్క్ ఫోల్డర్ అయితే, అంటే చిరునామా రెండు వెనుక గీతలతో (\\) మొదలయ్యేది అయితే, కమాండ్ ప్రాంప్ట్ అక్కడ నిలబడలేదు. ఆ మాట చెప్పి నేరుగా సి డ్రైవులోని విండోస్ ఫోల్డర్‌లోకి వెళ్లిపోతుంది. అలాంటప్పుడు పుష్‌డీ అనే కమాండ్ పక్కన ఆ నెట్‌వర్క్ చిరునామా ఇస్తే, తాత్కాలికంగా ఒక డ్రైవు అక్షరం తగిలించి అందులోకి తీసుకువెళుతుంది. పని అయ్యాక పాప్‌డీ ఇస్తే ఆ అక్షరం తీసేసి వెనక్కి తెస్తుంది.

నీ పుస్తకాలు ఒకదానితో ఒకటి ఎందుకు పొసగడం లేదో ఇప్పుడు చెబుతాను. 1981లో వచ్చిన ఎంఎస్ డాస్‌లో తెర మీద ఉండేదే కమాండ్ వరుస, ప్రత్యేకంగా తెరిచే అవసరం లేదు. ఇప్పుడు మనం వాడే సీఎండీ ప్రోగ్రాము 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చింది. 2006లో, కమాండ్లు ఇవ్వడానికే ఉన్న మరో ప్రోగ్రాము పవర్‌షెల్ వచ్చింది. విండోస్ 8లో, విండోస్ కీని ఎక్స్‌తో కలిపి నొక్కితే వచ్చే మెనూలో కమాండ్ ప్రాంప్ట్ పేరు ఉండేది. 2017లో విండోస్ 10కు వచ్చిన పెద్ద అప్‌డేట్‌తో దాని స్థానంలో పవర్‌షెల్ చేరింది. విండోస్ 11లో అదే చోట టెర్మినల్ అని కనిపిస్తుంది. ఫోల్డర్‌లోని ఖాళీ స్థలంలో కుడి బటన్ నొక్కినా ఇదే తేడా: విండోస్ 10లో షిఫ్ట్ పట్టుకుని నొక్కితే పవర్‌షెల్ విండో తెరిచే మాట, విండోస్ 11లో షిఫ్ట్ లేకుండానే టెర్మినల్‌లో తెరిచే మాట ఉంటాయి. ఏ పుస్తకమూ అబద్ధం చెప్పలేదు, అవి వేర్వేరు కాలాల్లో రాసినవి.

టెర్మినల్ అంటే వేరే భాష కాదు, కమాండ్ ప్రాంప్టునూ పవర్‌షెల్‌నూ ఒకే విండోలో ట్యాబులుగా పెట్టుకునే చట్రం. ప్రాంప్ట్ వరుస పి, ఎస్ అక్షరాలతో మొదలైతే నువ్వు పవర్‌షెల్‌లో ఉన్నట్టు. ఫోల్డర్‌లో ఏమున్నాయో చూపే డిఐఆర్, సీడీ వంటి పేర్లు అక్కడా పనిచేస్తాయి కాబట్టి పిల్లలు తేడా గమనించరు. కానీ ఏటవాలు గీత పెట్టి ఇచ్చే పాత అదనపు సూచనలు అక్కడ తప్పు చూపిస్తాయి. ఆ ఎర్ర అక్షరాలు చూసి భయపడనక్కర్లేదు, అక్కడే సీఎండీ అని టైపు చేసి ఎంటర్ నొక్కితే పాత ప్రాంప్ట్ వస్తుంది. ట్యాబుల పక్కన ఉన్న కింది బాణం నొక్కి కూడా ఎంచుకోవచ్చు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, మీ ల్యాబు మొత్తం నెమ్మదిగా టెర్మినల్ వైపుకే వస్తుంది. పిల్లలకు రెండూ చూపించు.

భద్రత విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈమధ్య కొన్ని మోసపు వెబ్ పేజీలు, మీరు మనిషేనని నిరూపించుకోండి అంటూ, విండోస్ కీని ఆర్‌తో నొక్కి, కంట్రోల్‌ను వీతో నొక్కి, ఎంటర్ కొట్టమంటున్నాయి. మనకు తెలియకుండానే ఆ పేజీ ఒక హానికరమైన కమాండ్‌ను కాపీ చేసి ఉంచుతుంది, మన చేతులతోనే దాన్ని నడిపిస్తుంది. మనిషేనని నిరూపించుకోవడానికి ఏ నిజమైన వెబ్‌సైటూ రన్ పెట్టె తెరవమని అడగదు. ఫోన్ చేసి కమాండ్లు టైపు చేయించేవారి మాట కూడా వినవద్దని పిల్లలకు చెప్పు. ఎవరికైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలని గోడ మీద రాసి పెట్టించు.

చివరగా, నువ్వు రాసిన ఏడో నంబరు కంప్యూటర్ గురించి. లాగిన్ అయ్యాక నల్లటి తెర, మౌస్ బాణం తప్ప ఏమీ రావడం లేదన్నావు. స్టార్ట్ మెనూ లేకపోయినా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ రావచ్చు. వస్తే, రన్ న్యూ టాస్క్ అన్నచోట ముందుగా ఎక్స్‌ప్లోరర్ అని టైపు చేసి చూడు, తరచుగా దాంతోనే డెస్క్‌టాప్ తిరిగి వస్తుంది. రాకపోతే అక్కడే సీఎండీ టైపు చేసి, అడ్మినిస్ట్రేటర్ అధికారం ఇచ్చే గడిలో టిక్ పెట్టి తెరిచి, ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ నడిపించు. అది కొంతసేపు పడుతుంది, మధ్యలో ఆపవద్దు.

టాస్క్ మేనేజర్ కూడా రాకపోతే, లాగిన్ తెర మీద పవర్ గుర్తు నొక్కి, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ ఎంచుకో. నీలం తెరలో ట్రబుల్‌షూట్, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో కమాండ్ ప్రాంప్ట్ కనిపిస్తాయి. డిస్కుకు బిట్‌లాకర్ రక్షణ, అంటే డిస్కులోని సమాచారానికి తాళం వేసే ఏర్పాటు, ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది కాబట్టి, కాలేజీ ఆఫీసులో దాన్ని ముందే తీసి పెట్టుకో. ఈ దారిన తెరిచిన విండో ఎక్స్ డ్రైవులో నిలబడుతుంది, పైగా మన సి డ్రైవుకు అక్కడ వేరే అక్షరం ఉండవచ్చు. ఒక్కో డ్రైవులోకి వెళ్లి డిఐఆర్ ఇచ్చి, యూజర్స్ ఫోల్డర్ ఎక్కడుందో చూసుకున్నాకే ఏ పనైనా మొదలుపెట్టు. మొదటి పని పిల్లల ఫైళ్లు కాపాడడం: అక్కడే నోట్‌ప్యాడ్ అని టైపు చేస్తే అది తెరుచుకుంటుంది. దాని ఓపెన్ పెట్టెలో అన్ని రకాల ఫైళ్లూ కనిపించేలా మార్చుకుని, విద్యార్థుల ఫోల్డర్లను కాపీ చేసి పెన్ డ్రైవులో పేస్ట్ చేయవచ్చు. బాగుచేసే ప్రయత్నాలన్నీ ఆ తర్వాతే.

అక్కడ కూడా దారి దొరక్కపోతే, తెర మీద కనబడిన మొదటి వరుసను ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకో. ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను, కలిసి చూద్దాం.

ఇట్లు,
మావయ్య