నూటికి మూడు కంటే ‘నెలకు రెండు శాతం’ ఎందుకు ఖరీదు?

ప్రశ్న: సార్, మాది ఒడిశాలోని రాయగడ. మా ఆయన హార్డ్‌వేర్ దుకాణంలో లెక్కలు చూస్తారు, జీతం 16,500. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, సగటున నెలకు 4,000 వస్తుంది. ఇద్దరు పిల్లలు, 72 ఏళ్ళ అత్తగారు. రెండేళ్ళ కిందట అత్తగారి ఆపరేషన్‌కి విశాఖ తీసుకెళ్ళినప్పుడు, తెలిసినాయన దగ్గర ప్రోనోటు రాసి 60,000 తెచ్చాం. నూటికి మూడు రూపాయల వడ్డీ. నెల నెలా 1,800 కడుతూనే ఉన్నాం, అసలు మాత్రం అలాగే ఉంది. గ్రూపు లోను ఇంకా 34,000 ఉంది, నెలకు 2,450 కట్టాలి. ఫోను వాయిదా 1,250, అది మరో ఐదు నెలలు. కిరాణా కొట్లో ఖాతా 7,000 అయింది. ఇప్పుడు ఒక లోన్ యాప్ వాళ్ళు ఏడాది గడువుతో 50,000 ఇస్తామంటున్నారు, నెలకు రెండు శాతమేనట. అది తీసుకుని నూటికి మూడు అప్పు తీర్చేస్తే నెలకి నూటికో రూపాయి మిగులుతుంది కదా అని మా ఆయన అంటున్నారు. నా దగ్గర రెండు తులాల గాజులు ఉన్నాయి, కానీ తాకట్టు అంటే అత్తగారికి ఇష్టం లేదు. నెల ఖర్చుల జాబితా కూడా పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క మాట. ఆ యాప్ లోను తీసుకోకండి. మీ ఆయన ఆలోచనలో తప్పేమీ లేదు. ఎక్కువ వడ్డీ అప్పును తక్కువ వడ్డీ అప్పుతో తీర్చాలన్నది సరైన పద్ధతే. కానీ ఇక్కడ తక్కువ వడ్డీ అనుకుంటున్నది నిజానికి ఎక్కువ వడ్డీ. ఈ ఒక్క విషయం మీ ఇద్దరికీ బాగా అర్థమైతే ముందు ముందు ఇలాంటి ఫోన్లు ఎన్ని వచ్చినా టెన్షన్ ఉండదు. అందుకే దీన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

నూటికి మూడు రూపాయల ఆసామి మీ దగ్గర ఉన్న అసలు మీదే వడ్డీ లెక్క కడతాడు. రేపు మీరు అసలులో 20,000 ఇస్తే మిగిలిన 40,000 మీదే 1,200 తీసుకుంటాడు. యాప్ వాళ్ళ లెక్క అలా ఉండదు. 50,000కి నెలకు రెండు శాతం చొప్పున 1,000, పన్నెండు నెలలకు 12,000. రెండూ కలిపి 62,000ని పన్నెండుతో భాగించి నెలకు 5,167 కట్టమంటారు. అంటే మొదటి నెల నుంచే మీరు అసలు తిరిగి ఇస్తూ వస్తారు. అయినా వడ్డీ మాత్రం చివరిదాకా పూర్తి 50,000 మీదే పడుతుంది. పన్నెండో నెల నాటికి వాళ్ళ డబ్బు మీ దగ్గర మిగిలేది 4,167. దాని మీద వడ్డీ 1,000. ఇది నూటికి ఎంత పడిందో మీరే చూడండి.

ఏడాది మొత్తానికి సరిగ్గా లెక్కేస్తే ఈ లోను నెలకు దాదాపు మూడున్నర శాతం పడుతుంది. దీనిపైన ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది. మూడు శాతం అనుకుందాం. 1,500, దాని మీద జీఎస్టీ 270. అవి ముందే కోసుకుని మీ ఖాతాలో వేసేది 48,230. వాయిదా మాత్రం 5,167 అలాగే ఉంటుంది. ఇప్పుడు అసలు రేటు నెలకు నాలుగు శాతం దాటింది. నూటికి నాలుగు రూపాయల వడ్డీకి తెచ్చి నూటికి మూడు తీర్చినట్టు అవుతుంది. పైగా ఆ డబ్బు 60,000కి సరిపోదు కూడా.

ఇలాంటి ఫోను మళ్ళీ వస్తే, లేదా ఎవరైనా ఇంటికొచ్చి లోను ఇస్తామంటే, ఒకటే అడగండి: ‘కేఎఫ్‌ఎస్ కాగితం పంపండి.’ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అంటారు దాన్ని. 2024 అక్టోబర్ 1 నుంచి మామూలు మనుషులకు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఇచ్చే ప్రతి కొత్త అప్పుకీ ఇది ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో చెప్పే అంకె అదే. మీ నూటికి మూడు ఏడాదికి 36 శాతం. ఆ కాగితంలో అంతకంటే పెద్ద అంకె ఉంటే మాట అక్కడితో ఆపేయండి. ఇంకో సంగతి. ఆ కాగితం అప్పు తీసుకునేవాళ్ళకు అర్థమయ్యే భాషలో ఉండాలని కూడా నిబంధనే చెబుతోంది. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మనవాళ్ళు చాలామంది ఒడియా ధారాళంగా మాట్లాడతారు కానీ చదవడం రాదు. చదవని కాగితం మీద సంతకం పెట్టేస్తారు. తెలుగులో చెప్పమని, తెలుగులో రాసివ్వమని అడిగే హక్కు మీకుంది. మొహమాటపడకండి.

ఇక మీ ఖర్చుల జాబితా. అద్దె 3,000, కిరాణా 5,000, కూరలూ పాలూ 2,800, గ్యాసు 650, కరెంటు 500, పిల్లల చదువు 1,500, పెట్రోలు 1,200, రీఛార్జీలు 600, మందులు 700. మొత్తం 15,950. అప్పుల కిస్తీలు 5,500. రెండూ కలిపితే 21,450. వచ్చేది 20,500. నెలకు 950 తక్కువ పడుతోంది. కిరాణా ఖాతాలో ఉన్న 7,000 ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా? ఏడెనిమిది నెలల 950లే అవి.

ఈ జాబితాలో దుబారా నాకేమీ కనిపించలేదు. నిజం చెప్పాలంటే చాలా పొదుపుగా నడుపుతున్నారు. కూరలు, పాలు తగ్గించమని నేను చెప్పను. ఒక్కటి అడుగుతాను. మీది ఐదుగురి రేషన్ కార్డు అయితే నెలకు 25 కిలోల బియ్యం ఉచితంగా వస్తాయి. అవి నిజంగా ఇంట్లో వాడుతున్నారా, లేక ఎవరికో ఇచ్చేసి సన్నబియ్యం కొంటున్నారా? అన్నానికి నచ్చకపోతే ఇడ్లీ, దోసెల పిండికి, పిండివంటలకు వాడినా కిరాణా బిల్లులో కొంత తగ్గుతుంది. ఇంతకంటే ఖర్చుల వైపు చూడాల్సిన పనిలేదు. మార్చాల్సింది ఆ 1,800.

దానికి మీ గాజులే దారి. అమ్మొద్దు, బ్యాంకులో పెట్టండి. బంగారం విలువలో నాలుగింట మూడొంతుల దాకా అప్పు ఇవ్వడం బ్యాంకుల్లో మామూలే. ఆ రోజు ధరను బట్టి 60,000కి మీ రెండు తులాల్లో కొంత భాగమే సరిపోవచ్చు. మిగతాది ఇంటికి తెచ్చుకోండి. ప్రభుత్వ బ్యాంకులో బంగారం మీద వడ్డీ ఏడాదికి పది శాతం అనుకుని లెక్క వేద్దాం. 60,000కి నెలకు 500. అక్కడ కట్టే 1,800తో పోల్చండి. తేడా 1,300.

అత్తగారి బాధ నాకు తెలుసు. తాకట్టు అంటే పరువు తక్కువ అనుకునే ఇళ్ళే మనవైపు ఎక్కువ. ఆవిడకి ఇలా చెప్పి చూడండి. ఈ రెండేళ్ళలో ఆ ఆసామికి వడ్డీ కిందే 43,200 ఇచ్చాం. అదంతా పోయిన డబ్బు, అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. ఇలాగే ఇంకో రెండేళ్ళు గడిస్తే గాజులు నిజంగానే అమ్ముకోవాల్సి రావచ్చు. బ్యాంకు లాకరులో ఉన్న గాజులు మనవే, అప్పు తీరగానే వచ్చేస్తాయి.

బ్యాంకులో రెండు జాగ్రత్తలు. మీ గాజులు తూచాక ‘ఇంకో 40,000 వస్తుందమ్మా, తీసుకోండి’ అంటారు. తీసుకోవద్దు. రెండోది, బంగారు రుణాలు చాలావరకు ఏడాది గడువుతో ఉంటాయి, గడువులో అసలు వడ్డీ ఒకేసారి కట్టమనే రకమూ ఉంది. మధ్యలో ఎంత వీలైతే అంత జమ చేసుకునే రకం కావాలని ముందే అడగండి. ఏడాది కాగానే గుర్తుపెట్టుకుని రెన్యువల్ చేయించండి. గడువు దాటి నోటీసులకు కూడా పలకకపోతే వేలం దాకా వెళుతుంది.

ఇప్పుడు నెలవారీ లెక్క. మొదటి ఐదు నెలలు బంగారు రుణానికి 850 కట్టండి. వడ్డీ పోను కొంచెం అసలు తగ్గుతుంది. పాత 1,800లో మిగిలిన 950 మీ లోటుకు సరిగ్గా సరిపోతుంది. కిరాణా ఖాతా ఇక పెరగదు. ఫోను వాయిదా అయిపోగానే ఆ 1,250ని ఇంట్లో కలిపేయకుండా ఇక్కడికే మళ్ళించండి, నెలకు 2,100 అవుతుంది. గ్రూపు లోను వడ్డీ ఏడాదికి 24 శాతం దగ్గర ఉంటే మరో పదిహేడు నెలల్లో తీరుతుంది. అప్పుడు ఆ 2,450 కూడా కలిపి 4,550 కట్టండి. ఇలా వెళితే ఇవాళ్టి నుంచి 26 నెలలకు గాజులు ఇంటికొస్తాయి. అప్పటికి మీకు వడ్డీ అప్పు, గ్రూపు లోను, ఫోను వాయిదా ఏవీ ఉండవు.

ఈ లెక్కలో సుభద్ర డబ్బు కలపలేదు. మీకు వస్తోందో లేదో మీరు రాయలేదు. 21 నుంచి 60 ఏళ్ళ లోపు అర్హులైన ఒడిశా మహిళలకు ఏడాదికి 10,000, రాఖీ పూర్ణిమకు 5,000, మార్చి 8న 5,000 చొప్పున ఐదేళ్ళు ఇచ్చే పథకం అది. వస్తుంటే మొదటి 5,000 కిరాణా ఖాతాకే కట్టండి. తర్వాతి విడతలో మిగతా 2,000 తీర్చి, 3,000 విడిగా పెట్టండి. దసరాకీ సంక్రాంతికీ కుట్టుపని ఎక్కువ వస్తుంది కాబట్టి ఆ నెలల్లో పైన వచ్చినదీ అందులోనే వేయండి. మన సరిహద్దు ఊళ్ళలో రథయాత్రా మనదే, సంక్రాంతీ మనదే. రెండు పండగలకూ బట్టలంటూ పార్వతీపురం వెళ్ళివస్తే ఆ డబ్బు నిలవదు. ఈ రెండేళ్ళు పిల్లల వరకే కొనండి.

అసలు ఈ అప్పు పుట్టింది ఆపరేషన్ వల్ల కదా. అది మళ్ళీ రాకుండా చూసుకోవడం అన్నింటికంటే ముఖ్యం. 70 ఏళ్ళు దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తారు, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఇది అమల్లోకి వచ్చింది. అత్తగారికి వెంటనే చేయించండి, ఆధార్ ఉంటే చాలు. రేషన్ కార్డు ఉన్న మిగతా కుటుంబానికి ఆయుష్మాన్, గోపబంధు (ఒడిశా ప్రభుత్వ ఆరోగ్య పథకం) కార్డు ఉంటుంది. పథకంలో చేరిన ఆసుపత్రి అయితే విశాఖలోనైనా శ్రీకాకుళంలోనైనా ఈ కార్డు చెల్లుతుంది. అయితే అడ్మిట్ కాకముందే అక్కడి ఆయుష్మాన్ కౌంటరులో ‘మా ఒడిశా కార్డుకి ఈ చికిత్స ఇక్కడ చేస్తారా’ అని అడిగి తెలుసుకోండి.

గ్రూపు లోను ఒక్క కిస్తీ కూడా తప్పనివ్వకండి. వసూలుకు వచ్చేవాళ్ళు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత రాకూడదు. గట్టిగా అరవకూడదు. ఇబ్బంది పెడితే ముందు ఆ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఇలాంటి ఫిర్యాదులు విచారించే అధికారి) ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు టోల్‌ఫ్రీ నంబరు 14448. గ్రూపులో ఎవరైనా ‘నీ పేరు మీద తీసి నాకివ్వు, కిస్తీ నేను కడతా’ అంటే, ఎంత దగ్గరవాళ్ళయినా ఒప్పుకోకండి. మీ కిస్తీలు మీ ఆదాయంలో సగానికి చాలా తక్కువ కాబట్టి మీకు ఇంకా అప్పు ఇస్తామని చాలామంది వస్తారు. అప్పు పుట్టడం వేరు, తీర్చగలగడం వేరు.

చివరిగా ఆ ప్రోనోటు సంగతి. బ్యాంకు డబ్బు మీ ఖాతాలో పడ్డాక నగదుగా ఇవ్వకండి. ఫోన్‌పే ద్వారానో, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ద్వారానో పంపండి, రుజువు మిగులుతుంది. డబ్బు ముట్టిన రోజే అసలు ప్రోనోటు, ఖాళీ చెక్కు ఏదైనా ఇచ్చి ఉంటే అదీ, చేతికి తీసుకోవాలి. ‘కాగితం ఇంట్లో ఉంది, రేపు పంపిస్తా’ అంటే ఆ రేపే డబ్బు పంపండి. నోటు వెనక ‘పూర్తి బాకీ చెల్లు’ అని రాయించి, ఆయన సంతకం, తేదీ వేయించి ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఒకేసారి మొత్తం కడుతున్నాం కాబట్టి ఈ నెల వడ్డీ 1,800 వదిలేయమని మీ ఆయన్ని అడగమనండి. రెండేళ్ళు ఒక్క నెల తప్పకుండా కట్టిన మనుషులు మీరు, ఆ మాట అడిగే హక్కు మీకుంది.