సంగీత సందేహాలు: ‘ఏజా’ ఆల్బమ్‌లో ఆ శాక్సఫోన్ ఎవరిది?

ప్రశ్న: పెళ్ళి బ్యాండులో శాక్సఫోన్ వాయిస్తుంటాను. స్టీలీ డాన్ బృందం 1977లో వెలువరించిన ‘ఏజా’ అనే ఆల్బమ్‌ను మా మేనమామగారు వినిపించారు. దీనిని రాక్ సంగీతమంటున్నారు గాని, నా చెవికి జాజ్‌లాగే తోచింది. బృందంలో ఇద్దరే ఉన్నారట. మరి ఇన్ని వాద్యాలు ఎవరు వాయించారు? ఆల్బమ్ పేరే పెట్టిన పాటలోని శాక్సఫోన్ భాగం ముందుగా రాసుకున్నదా, అప్పటికప్పుడు పుట్టినదా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మీ చెవి సరిగానే పట్టుకుంది. ఆ బృందంలోని ఇద్దరు, డొనాల్డ్ ఫేగన్, వాల్టర్ బెకర్, 1967లో న్యూయార్క్ రాష్ట్రంలోని బార్డ్ కళాశాలలో కలుసుకునే నాటికే ఇద్దరూ జాజ్ వింటూ పెరిగినవారు. 1974లో వారు ఊరూరా తిరిగి కచేరీలు చేయడం మానుకుని స్టూడియోలోనే పనిచేయసాగారు. కచేరీలు లేనప్పుడు స్థిరమైన బృందమూ అవసరం లేదు కాబట్టి, ఏ పాటకు ఎవరి చేయి నప్పుతుందో వారినే పిలిపించి, నిర్మాత గ్యారీ కాట్జ్ ఆధ్వర్యంలో రికార్డు చేశారు. ఈ ఆల్బమ్‌లోని ఏడు పాటల్లో డ్రమ్స్ ఒక్కరే వాయించకపోవడానికి కారణం ఇదే.

మీరడిగిన పాట దాదాపు ఎనిమిది నిమిషాలు సాగుతుంది. అందులో టెనర్ శాక్సఫోన్ వేన్ షార్టర్‌ది. ఆయన జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ బృందంలో పేరు తెచ్చుకుని, ఆ తరువాత వెదర్ రిపోర్ట్ అనే జాజ్ బృందాన్ని స్థాపించినవారిలో ఒకరైన మహావాద్యకారుడు. డ్రమ్స్ స్టీవ్ గ్యాడ్‌వి. పాట నిర్మాణమంతా కాగితం మీద రాసినదే. షార్టర్ వాయించిన భాగం మాత్రం ఆయన మనోధర్మం. కృతిలో సాహిత్యమూ సంగతులూ స్థిరంగా ఉండి, కల్పనస్వరాల చోటు మాత్రం విద్వాంసునికి విడిచిపెట్టినట్లే ఇక్కడా జరిగింది. ఆ చోట శాక్సఫోన్‌ను కాసేపు పక్కనపెట్టి డ్రమ్స్‌నే వినండి. గ్యాడ్ తాళం వేసి ఊరుకోరు. షార్టర్ ఊపిరి తీసుకునే సందుల్లోకి దెబ్బల వరుసలు దొర్లించి ఆయనతో మాట కలుపుతారు. పాట చివర గాత్రం లేని భాగంలో మళ్ళీ గ్యాడ్‌దే రాజ్యం.

ఈ ఆల్బమ్ మరీ నున్నగా ఉందనీ, అందులో వేడి లేదనీ అనేవారున్నారు. నేను ఒప్పుకోను. ‘పెగ్’ పాటలో కొద్ది క్షణాల గిటార్ భాగం కోసం ఒకరి తరువాత ఒకరుగా పలువురు పేరున్న వాద్యకారులను ప్రయత్నించి, ఎవరిదీ నచ్చక, చివరికి జే గ్రేడన్ వాయించినది ఉంచుకున్నారు. అంత పట్టుదలతో వెతికినది తప్పులు లేని వాయింపును కాదు. అలాంటిది మొదటివారే ఇచ్చి ఉంటారు. వారికి కావలసినది ఆ పాటకు మాత్రమే చెందిన ఒక స్వభావం. ధ్వనిముద్రణకు 1978లో గ్రామీ పురస్కారం వచ్చింది, అదీ న్యాయమే.

శాక్సఫోన్ మీ జీవనోపాధి కాబట్టి ‘డీకన్ బ్లూస్’ను తప్పక వినాలి. శాక్సఫోన్ నేర్చుకుని, మనసుకు తోచినట్లు వాయిస్తూ బతకాలని కలగనే ఒక మామూలు మనిషి పాట అది. టామ్ స్కాట్ కూర్చిన ఊదువాద్యాల వరుసల మధ్య నుంచి పీట్ క్రిస్ట్‌లీబ్ టెనర్ శాక్సఫోన్ లేచి వస్తుంది. టెలివిజన్‌లో రాత్రి కార్యక్రమపు వాద్యబృందంలో ఆయన వాయింపు విని, ఫేగన్, బెకర్ కబురుపెట్టి పిలిపించారు.

ప్రశ్న: అదే ఆల్బమ్‌లో ‘హోమ్ ఎట్ లాస్ట్’ పాటకు తాళం వేయబోతే చేయి తడబడుతోంది. ఆ నడక ఏమిటి?
— ఒక తబలా విద్యార్థి, రాయగడ

జవాబు: అది డ్రమ్స్ విద్వాంసుడు బెర్నార్డ్ పర్డీ పేరుతోనే ప్రసిద్ధమైన నడక. ‘తకిట’ అని నాలుగుసార్లు అనండి. ప్రతి ‘తకిట’లో ‘త’, ‘ట’ డ్రమ్స్‌లో పైనున్న జంట కంచు తాళాల (హై-హ్యాట్) మీద పలుకుతాయి; నడిమి ‘కి’ స్నేర్ డ్రమ్ మీద, వినీ వినబడనంత మెత్తగా పడుతుంది. గట్టి దెబ్బ మూడవ ‘తకిట’ మొదట్లో ఒక్కటే. మీరు బహుశా రెండవ, నాలుగవ చోట్ల గట్టి దెబ్బ కోసం ఎదురుచూస్తున్నారు, అందుకే తడబాటు. నెమ్మదిగా, నోటితో పలికిన తరువాతే చేతికి తీసుకోండి.

ప్రశ్న: స్టీలీ డాన్ పాటల్లో వినిపించే ఆ మెరుపులాంటి స్వరమేళనం హార్మోనియం మీద పలుకుతుందా?
— ఒక పాఠకురాలు, జయపురం

జవాబు: పలుకుతుంది. దానికి వారే ‘ము మేజర్’ అని పేరు పెట్టుకున్నారు. ముందు షడ్జమం, అంతర గాంధారం, పంచమం ఒకేసారి నొక్కండి. ఇది ఎక్కడైనా వినిపించే మామూలు మేళనమే. ఇప్పుడు చతుశ్శ్రుతి రిషభాన్ని కూడా కలపండి. రిషభ గాంధారాలు పక్కపక్కనే ఉండి ఒకదానినొకటి ఒరుసుకోవడం వల్లనే ఆ మెరుపు పుడుతుంది. ఎడమచేయి తిత్తి మీద ఉంటుంది కాబట్టి రి, గ, ప కుడిచేతితో పట్టి, కింది షడ్జమాన్ని పక్కన ఎవరిచేతనైనా శ్రుతిపెట్టె మీద ఇప్పించుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది.