‘మేము’ అన్న మాట కింద గీత

కడప

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అనంతపురం నుంచి నువ్వు పంపిన వ్యాసం పోయిన వారం అందింది. అమెరికా నల్లవారి పాటల గురించి తెలుగులో రాయాలన్న నీ పట్టుదల చూసి నిజంగా సంతోషించాను. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు చేతపట్టుకుని చదివాను. పన్నెండు పాటలు ఎంచుకున్నావు, పన్నెండింటినీ శ్రద్ధగా తెలుగు చేశావు, బానిసత్వమనీ స్వేచ్ఛ అనీ మాట వచ్చిన ప్రతిచోటా ఆగి వ్యాఖ్యానించావు. ఆ మాటలు రాని పాటలను మాత్రం వట్టి ప్రేమపాటలని పక్కన పెట్టేశావు. నా అభ్యంతరం అక్కడే. ఒక దేశంలో మనిషిని మనిషి ఎలా చూశాడన్నది చరణాల్లో కొంతే దొరుకుతుంది. ఆ పాట ఎవరు పాడారు, ఏ పేరు పెట్టి అమ్మారు, విన్నవాళ్లను ఎక్కడ కూర్చోబెట్టారు అన్న సంగతుల్లో అంతకంటే ఎక్కువ దొరుకుతుంది.

నువ్వు పక్కన పెట్టినవారిలో నాట్ కింగ్ కోల్ ఒకరు. మెత్తని గొంతుతో ప్రేమపాటలు పాడినవారు ఆయన. చరణాల్లో ఎంత వెతికినా రాజకీయం కనిపించదు. 1956 ఏప్రిల్ 10న అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో, తెల్లవాళ్లు మాత్రమే కూర్చున్న సభలో ఆయన పాడుతుండగా, కొందరు తెల్లవాళ్లు వేదిక మీదికి ఎక్కి ఆయనను కింద పడేశారు. నల్లవాళ్ల కోసం అదే రాత్రి వేరే ప్రదర్శన ఏర్పాటు చేసి ఉంది. ఆయన పుట్టింది ఆ రాష్ట్రంలోనే, మాంట్‌గోమరీలో. పాఠశాలల్లో నల్లపిల్లలను వేరుచేయడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1954లోనే తీర్పు చెప్పింది. రెండేళ్లు గడిచినా, ప్రేమపాట పాడుతున్న మనిషికి సొంత రాష్ట్రంలో వేదిక మీద రక్షణ లేదు. ఈ సంగతి రాస్తే చాలు, ఆ ప్రేమపాట నీ వ్యాసంలో తన చోటు తాను సంపాదించుకుంటుంది.

ఆ దేశంలో నల్లవారిని వేరుగా ఉంచిన చట్టాలన్నిటికీ కలిపి ‘జిమ్ క్రో’ అని పేరు. ఆ పేరు న్యాయశాస్త్రంలో పుట్టలేదు, పాటలో పుట్టింది. 1830 ప్రాంతంలో థామస్ రైస్ అనే తెల్ల నటుడు కాల్చిన బిరడా మసి ముఖానికి పూసుకుని, నల్లవాడిని అనుకరిస్తూ ఆడిపాడి జనాన్ని నవ్వించిన పాట అది. నవ్వుకున్న పాట పేరే తర్వాతి తరాలకు రైలుపెట్టె నుంచి శ్మశానం దాకా గీత గీసిన చట్టం పేరయింది. నీ వ్యాసం ఇక్కడ మొదలుపెట్టి చూడు.

ఇక వ్యాపారం సంగతి. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు, నేను మాత్రం నిన్ను ఇక్కడే ఎక్కువసేపు కూర్చోబెడతాను. 1920 ఆగస్టు 10న న్యూయార్క్‌లో ఓకే రికార్డుల కంపెనీ మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని చేత ఒక బ్లూస్ పాట, అంటే నల్లవారి బాధల పాట, పాడించింది. అది విపరీతంగా అమ్ముడుపోయాక గాని, నల్లవారు కూడా డబ్బు పెట్టి రికార్డులు కొంటారని కంపెనీలకు తలకెక్కలేదు. వెంటనే నల్లవారి పాటలకు వేరే వరుస నంబర్లు, వేరే జాబితా వచ్చాయి. వాటికి ‘రేస్ రికార్డులు’ అని పేరు పెట్టారు. దక్షిణాది పేద తెల్లవారి పాటలకు ‘హిల్‌బిల్లీ’ అని ఇంకో జాబితా. పాడేవాళ్లేమో ఒకరి దగ్గర ఒకరు బాణీలు నేర్చుకున్నవాళ్లే. ఇవాళ తెల్లవారి పల్లెపాటలకు గుర్తుగా చెప్పుకునే బాంజో కూడా ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్ల చేతుల్లో రూపుదిద్దుకున్న వాద్యమే. కలిసి పెరిగిన సంగీతాన్ని కంపెనీ జాబితా రంగును బట్టి రెండుగా చీల్చింది. అమ్మకాల పట్టికలు వేసే బిల్‌బోర్డ్ పత్రిక కూడా ‘రేస్ రికార్డులు’ అన్న శీర్షికను 1949 వరకు వాడి, అప్పుడు ‘రిథమ్ అండ్ బ్లూస్’ అని మార్చింది. పేరు మారింది, పట్టిక మాత్రం వేరుగానే మిగిలింది.

అయితే ఒక జాగ్రత్త. ‘రేస్’ అన్న మాటను ఆ రోజుల్లో నల్లవారు తమ గురించి తామే గౌరవంగా కూడా వాడుకున్నారు. నువ్వు దాన్ని అంతటా ‘జాతి’ అని తెలుగు చేశావు. మన భాషలో జాతీయ గీతంలో ఉన్నదీ జాతే, జాతి వివక్షలో ఉన్నదీ జాతే. నీ మూడో పేజీలో ఒకే పేరాలో ‘జాతి’ మొత్తం దేశమూ అయింది, దేశం బయట నిలబెట్టిన జనమూ అయింది. చదివేవాడు తడబడతాడు. ఆ తడబాటును వాడుకోగలిగితే అదే నీ వ్యాసానికి బలం. తెలియకుండా జరిగితే మాత్రం లోపం.

‘హౌండ్ డాగ్’ గురించి నువ్వు కోపంగా రాశావు. ఆ కోపం నాకూ ఉంది. బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని పాడగా 1953లో వచ్చి నల్లవారి పట్టికలో మొదటి స్థానంలో నిలిచిన పాటను, 1956లో తెల్ల గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పాడితే దేశమంతా ఊగిపోయింది, డబ్బూ పేరూ ఆయనవైపు ప్రవహించాయి. కానీ ‘తెల్లవాళ్లు దొంగిలించారు’ అని ఒక్క ముక్కలో తేల్చేయకు. ఆ పాటను ఆమె కోసం రాసినవాళ్లు ఇద్దరు యూదు కుర్రవాళ్లు, జెర్రీ లీబర్, మైక్ స్టోలర్. పాట ఎవరిది అన్న ప్రశ్నకు అక్కడ సులువైన జవాబు లేదు; ఫలితం ఎవరికి దక్కింది అన్న ప్రశ్నకు ఉంది. రెండింటినీ విడదీసి రాస్తే నీ కోపానికి ఎదురు చెప్పే అవకాశం ఎవరికీ ఉండదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా దగ్గర ఒక పాత నోటుపుస్తకం రూపంలో ఉంది. నీ వయసులో నేను మా జిల్లా పల్లెల్లో పాటలు సేకరిస్తూ తిరిగాను. ఒక ఊళ్లో ఒక పెద్దమ్మ నాట్ల పాటలు పాడింది. ప్రతి చరణమూ, ప్రతి పాఠాంతరమూ రాసుకున్నాను. నేను అరుగు మీద కూర్చుని రాసుకున్నాననీ, ఆమె గంటసేపు వీధిలో ఎండలో నిలబడి పాడిందనీ మాత్రం రాసుకోలేదు. ఆమె పేరు కూడా రాసుకోలేదు. ఆ సాయంత్రం అదే ఊళ్లో జాతర. పలకలు కొట్టేవాళ్లు వరిగడ్డి మంట మీద తోలు కాచుకుంటూ, చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి చూసుకుంటూ, గుడికి దూరంగా నిలబడ్డారు. వాళ్లు మోగించందే దేవత కదలదు, కదిలాక గడప లోపలికి వాళ్లకు దారి లేదు. ఇదంతా చూశాను, రాయలేదు. పాట అంటే మాటలే అనుకున్నాను.

మన తాళ్లపాక అన్నమయ్య ‘బ్రహ్మమొక్కటే’ కీర్తనలో బ్రాహ్మణుడు మెట్టే భూమీ చండాలుడు ఉండే భూమీ ఒకటేనన్నాడు. అయిదు వందల ఏళ్ల కిందటి ఆ మాటకు చేతులెత్తి మొక్కుతాను. అయినా ఆ కీర్తన పాడిన సభల్లో ఏ కాలాన ఎవరు ముందు వరుసలో కూర్చున్నారు, ఎవరికి లోపలికి రావడానికే వీలు లేకపోయింది అని అడగకపోతే, ఆ మాట చరిత్ర సగమే తెలుస్తుంది. ఇలా అంటున్నానని కులవివక్షా వర్ణవివక్షా ఒకటేనని రాసేయవద్దు. అక్కడ ఒంటి రంగు చూసి గీత గీశారు, ఇక్కడ ఏ వాడలో పుట్టారో చూసి గీశారు. అక్కడ మనిషిని సంతలో అమ్మారు, ఇక్కడ తాకకుండా పని చేయించుకున్నారు. పోలిక ఉందని 1946లో అంబేద్కరే అమెరికా నల్లవారి మేధావి డబ్ల్యూ. ఇ. బి. డు బాయిస్‌కు ఉత్తరం రాశారు. పోలిక చూపించు, తేడా కూడా దాని పక్కనే ఉంచు.

చివరగా 1939 ఏప్రిల్. నీ వ్యాసంలో అన్నిటికంటే బాగున్న పేజీలు ఇవే. ఆ నెల 20న బిల్లీ హాలిడే ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ రికార్డు చేసింది. మూకలు చెట్లకు వేలాడదీసిన నల్లవారి శవాల గురించిన పాట అది, రాసినవాడు ఏబెల్ మీరోపోల్ అనే యూదు ఉపాధ్యాయుడు. ఆమె పాటలు వేసే కొలంబియా కంపెనీ ఒప్పుకోకపోతే కమోడోర్ అనే చిన్న కంపెనీ వేసింది. నల్లవారూ తెల్లవారూ కలిసి కూర్చోగలిగిన న్యూయార్క్ క్లబ్బు కెఫే సొసైటీలో ఆమె ఆ పాట పాడేముందు వడ్డన ఆపేసేవారు, దీపాలన్నీ ఆర్పి ఆమె ముఖం మీద ఒక్క వెలుగు ఉంచేవారు. ఈ వడ్డన ఆగిన సంగతి నువ్వు రాయలేదు, రాయి.

దానికి పదకొండు రోజుల ముందు, 9న, వాషింగ్టన్‌లో మరియన్ ఆండర్సన్ లింకన్ స్మారకం మెట్ల మీద పాడింది. నగరంలోని పెద్ద సభామందిరం ఆమె నల్లజాతి మనిషని తలుపు మూస్తే, ఆరుబయట దాదాపు 75,000 మంది, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి నిలబడి విన్నారు, రేడియోలో దేశం విన్నది. దేశభక్తి గీతంతో మొదలుపెట్టి, అందులో ‘నేను’ అని ఉన్నచోట ఆమె బహువచనం పెట్టి పాడింది. దాన్ని నువ్వు ‘మేము పాడుతున్నాము’ అన్నావు. ఇంగ్లీషులో ఆ మాట ఒక్కటే. మన తెలుగు మాత్రం నిన్ను వదలదు. ‘మేము’ అంటే తలుపు అవతల నిలబెట్టినవాళ్లం; ‘మనం’ అంటే వింటున్న మీతో కలిపి. ఎదుట ఉన్న జనాన్ని చూస్తే నాకు ‘మనం’ అనాలనిపిస్తుంది, మూసిన తలుపును చూస్తే ‘మేము’ అనాలనిపిస్తుంది. పదకొండో పేజీలో ఆ మాట కింద పెన్సిలుతో గీత గీశాను, దిద్దలేదు. ఏది ఉంచుతావో, ఎందుకు ఉంచుతావో అక్కడే నాలుగు వాక్యాల్లో రాసి తిరిగి పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన