మ్యాపులో గీతకు ఇవతల ఉన్నంత మాత్రాన వరద రాదా?

అమెరికాలో ఊళ్లకు దూరంగా, గ్రామీణ కౌంటీల్లో ఎకరమో రెండెకరాలో స్థలంతో ఇళ్లు కొనే తెలుగువాళ్లు పెరుగుతున్నారు. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ వాళ్లు పంపినవే.

ప్రశ్న: టెక్సస్‌లో రెండెకరాల స్థలంతో ఇల్లు కొంటున్నాం. వెనకాల చిన్న వాగు ఉంది, ఎప్పుడూ ఎండిపోయే ఉంటుంది. ఫీమా (అమెరికా కేంద్ర ప్రభుత్వ విపత్తు సంస్థ) వరద మ్యాపులో జోన్ ఎక్స్ అని ఉంది. బ్యాంకు వరద బీమా అడగలేదు. ఏజెంటు కూడా అక్కర్లేదంటున్నారు. వదిలేయవచ్చా?

వదిలేయకండి. బ్యాంకు అడగకపోవడానికీ మీ ఇంటికి వరద రాకపోవడానికీ సంబంధం లేదు. ఏ, వీ అక్షరాలతో మొదలయ్యే జోన్లలో ఇల్లుంటే బీమా లేనిదే లోన్ ఇవ్వకూడదని చట్టం. అంతవరకే బ్యాంకు చూస్తుంది. ఆ జోన్ల అర్థం ఏటా 1 శాతం వరద అవకాశం అని. వినడానికి చిన్నదే, కానీ 30 ఏళ్ల లోన్ కాలానికి లెక్కగడితే అది 26 శాతం అవుతుంది, అంటే నాలుగిళ్లలో ఒకటి. జోన్ ఎక్స్ ఆ జోన్ల హద్దు గీతకు బయట ఉంటుంది. అయినా వరద బీమా క్లెయిముల్లో సుమారు 40 శాతం ఆ గీత బయటి ఇళ్ల నుంచే వస్తున్నాయని ఫీమాయే చెబుతోంది.

పల్లె కౌంటీల్లో ఇంకో ఇబ్బంది ఉంది. ఒక చదరపు మైలు కన్నా తక్కువ నేల నుంచి నీళ్లు చేరే వాగుల్ని ఫీమా సాధారణంగా సర్వే చేయదు. మీ వెనకున్న వాగు అలాంటిదైతే, అక్కడ ఎక్స్ అంటే ప్రమాదం లేదని కాదు, ఎవరూ కొలవలేదని. 2017 ఆగస్టులో హార్వీ తుపానుకు హ్యూస్టన్ పక్కన కేటీ వైపు బార్కర్ రిజర్వాయర్ వెనక మునిగిన ఇళ్లలో చాలావాటికి మ్యాపులో వరద జోన్ లేదు. నీరు పల్లమెరుగు. మ్యాపు దానికి తెలియదు.

ఒప్పందం రద్దు చేసుకునే గడువు ముగియకముందే మూడు పనులు చేయండి. ఒకటి, కౌంటీ ఆఫీసులో ఫ్లడ్‌ప్లెయిన్ (వరద ముంపు ప్రాంతాల) అధికారికి ఫోన్ చేసి, ఆ రోడ్డు మీదికి నీళ్లు ఎప్పుడు వచ్చాయో, మ్యాపు ఏ ఏడాదిదో అడగండి. రెండు, అమ్మేవాళ్లు ఇచ్చే డిస్‌క్లోజర్ పత్రం చదవండి. టెక్సస్‌లో 2019 సెప్టెంబరు 1 నుంచి గతంలో వచ్చిన వరదలు, బీమా క్లెయిములు అందులో రాయాలి. వాళ్లకు ప్రభుత్వ వరద పాలసీ ఉంటే దాన్ని మీ పేరుకు బదిలీ చేయించుకోవచ్చు. పాత తక్కువ ప్రీమియంతో నడుస్తున్నదైతే ఆ లాభమూ మీకు వస్తుంది. మూడోది, స్వయంగా వాగు దాకా నడవండి. ఫెన్సింగ్ తీగలకు ఎండుగడ్డి, పుల్లలు, ప్లాస్టిక్ కవర్లు ఏ ఎత్తున చిక్కుకుని ఉన్నాయో చూసి, ఆ ఎత్తును ఇంటి గడపతో పోల్చండి. డ్రైవ్‌వే కింది కల్వర్టులో సగం దాకా మట్టి పేరుకుని ఉంటే, పెద్ద వానకు నీళ్లు తూములోంచి కాకుండా మీ వాకిట్లోంచి పోతాయి.

ప్రశ్న: తుపాను హెచ్చరిక వచ్చాక పాలసీ తీసుకుంటే సరిపోదా?

సరిపోదు. ప్రభుత్వ పాలసీ కొన్న 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. ఇంటి లోన్ కోసం తీసుకుంటే ఈ గడువు ఉండదు. మ్యాపు మారి మీ ఇల్లు కొత్తగా వరద జోన్‌లోకి వస్తే, 13 నెలల్లోపు కొంటే ఒక్కరోజే ఆగాలి. హరికేన్ల కాలం జూన్ 1న మొదలవుతుంది కాబట్టి ఏప్రిల్‌లోనే తీసుకోండి.

ప్రశ్న: వారాంతాలకు వెళ్లే ఫామ్‌హౌస్‌కు 2,50,000 డాలర్ల వరద పాలసీ ఉంది. అన్నీ వస్తాయా?

రావు. అది ఇంటి కట్టడానికి గరిష్ఠం. సామాన్లకు వేరే కవరేజి అడిగి తీసుకోవాలి, దాని గరిష్ఠం 1,00,000 డాలర్లు. డిడక్టబుల్, అంటే నష్టంలో మీరే భరించాల్సిన మొత్తం, కూడా ఇంటి కట్టడానికి ఒకసారి, సామాన్లకు ఒకసారి కోస్తారు.

పల్లెలో ఇంటి ఖర్చంతా ఎక్కడ పెడతామో సరిగ్గా అక్కడే పాలసీ పనికిరాదు. బోరుబావి, సెప్టిక్ ట్యాంకు, దాని పైపులు, ఫెన్సింగ్, డెక్, డ్రైవ్‌వే, పశువులు, పంట ఇవేవీ కవర్ కావు. విడిగా ఉన్న గ్యారేజీకి ఇంటి కట్టడం కవరేజిలో 10 శాతం దాకా వాడుకోవచ్చు, కానీ ఆ మేరకు ఇంటికి తగ్గుతుంది. పశువుల కొట్టానికి వేరే పాలసీ కావాలి. కారుకు దాని సొంత కాంప్రిహెన్సివ్ బీమాయే దిక్కు. ఇల్లు బాగయ్యేదాకా హోటల్లో ఉంటే ఆ అద్దె ఇవ్వరు. నగదు అసలే రాదు. బంగారు నగలు, కళాఖండాలు అన్నీ కలిపి 2,500 డాలర్లు దాటి ఇవ్వరు కాబట్టి నగలు అక్కడ ఉంచకండి.

మీది ప్రధాన నివాసం కాదు, రెండో ఇల్లు. అందుకని ఇంటి కట్టడానికి కూడా కొత్త ధర ఇవ్వరు, అరుగుదల తీసేసి ఇస్తారు. పదిహేనేళ్ల ఫ్లోరింగ్ పాడైతే చేతికొచ్చే డబ్బుతో కొత్తది పడదు. పైగా రెండో ఇంటికి ఏటా 250 డాలర్ల అదనపు రుసుము ఉంది, ప్రధాన నివాసానికి అది 25. ఈ లోట్లు పూడ్చే ప్రైవేటు వరద పాలసీలు ఉన్నాయి. ధర అడగండి, కానీ ఒక పెద్ద క్లెయిము తర్వాత వాళ్లు రెన్యూ చేయకపోవచ్చన్నది మనసులో పెట్టుకోండి.

ప్రశ్న: మా ఇల్లు మెరక మీద ఉంది. అయినా జోన్ ఏఈ అంటూ బ్యాంకు బీమా తప్పదంటోంది.

లైసెన్సు ఉన్న సర్వేయరుతో ఎలివేషన్ సర్టిఫికెట్ (ఇల్లు, నేల ఎత్తు చూపే పత్రం) చేయించండి. ఇంటిని ఆనుకున్న నేలలో అతి పల్లపు చోటు ఫీమా చెప్పిన వరద మట్టానికి సమానంగానో పైనో ఉంటే, లోమా అనే సవరణ పత్రానికి దరఖాస్తు చేయవచ్చు. ఫీమా రుసుము తీసుకోదు, సర్వేయరు ఖర్చు మీదే. మట్టి పోయించి ఎత్తు చేసిన స్థలమైతే దారి వేరు, రుసుమూ ఉంటుంది. లోమా వచ్చినా పాలసీ మాత్రం ఆపకండి.

ప్రశ్న: ఇంట్లోకి నీళ్లు వచ్చి తీశాయి. మొదట ఏం చేయాలి?

మెయిన్ కరెంటు ఆగిందని నిర్ధారించుకోకుండా లోపలికి వెళ్లకండి. గోడ మీద నీటి చార పక్కన టేపు పెట్టి ఫొటో తీయండి. ఫ్రిజ్, ఏసీ, వాటర్ హీటర్ల సీరియల్ నంబర్లు ఫొటో తీయండి. బీమా వాళ్లకు అదే రోజు చెప్పండి. అడ్జస్టర్ (నష్టం లెక్కగట్టే బీమా మనిషి) వచ్చేదాకా తడి కార్పెట్ ఉంచితే బూజు పట్టి నష్టం పెరుగుతుంది, ఆ భాగానికి పాలసీ ఇవ్వకపోవచ్చు. కార్పెట్, గోడ పలక ఒక్కో ముక్క కోసి దాచి, మిగతాది పారేయండి. సంతకం పెట్టిన నష్ట ప్రకటన 60 రోజుల్లో చేరాలి. అడ్జస్టర్ పంపుతారులే అని కూర్చుని ఆ గడువు దాటించుకునేవాళ్లు చాలామంది, ఆ బాధ్యత మీదే.

బోరు మోటారును ఎలక్ట్రీషియన్ చూసేదాకా వేయకండి. ఆ తర్వాత క్లోరిన్‌తో శుద్ధి చేయించి, నీళ్లు పరీక్ష చేయించి, ఫలితం వచ్చాకే తాగండి. అప్పటిదాకా సీసా నీళ్లే. సెప్టిక్ ట్యాంకును మాత్రం వెంటనే ఖాళీ చేయించకండి. నేల నానిపోయి ఉండగా ఖాళీ చేస్తే, ట్యాంకు తేలి పైకి లేచి పైపులు విరుగుతాయి.