ఫ్రెష్ అంటే తాజా ఒక్కటేనా?

ప్రశ్న: రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. పిల్లలు వ్యాసాల్లో ‘తాజా చేపలు, తాజా పాలు, తాజా నీరు, తాజా గాలి’ అని అన్నిటికీ ఒకే మాట రాస్తున్నారు. అడిగితే ‘ఫ్రెష్ అంటే తాజాయే కదండీ’ అంటున్నారు. తాజా మన మాట కాదని విన్నాను. ఫ్రెష్‌కి అచ్చతెలుగు మాట ఉందా?

సమాధానం: అన్నిటికీ సరిపోయే మాట ఒక్కటి లేదు, చోటును బట్టి వాడే మాటలు చాలా ఉన్నాయి. ఎక్కడ ఏది వాడాలో తెలియాలంటే ముందు ఎదురుమాట వెతుక్కోవాలి. ఫ్రెష్ కానిది ఎలా ఉంటుంది? ఎండిపోయి ఉంటుందా, వాడిపోయి ఉంటుందా, నిలవ ఉంచిందా, కాచిందా, ఉప్పనా? అది తేలితే కావలసిన మాట దానంతటదే నోటికొస్తుంది. మీ పిల్లలకు ముందు ఈ అలవాటు చేయించండి.

చేపల సంగతే చూద్దాం. సంతలో ‘పచ్చిచేపలు’ అంటే ఎండుచేపలు కానివి. పచ్చిరొయ్యలు, ఎండురొయ్యలు, పచ్చికొబ్బరి, ఎండుకొబ్బరి, పచ్చిమిరప, ఎండుమిరప, పచ్చిగడ్డి, ఎండుగడ్డి. ఈ జంటలన్నిటిలోనూ పచ్చి అంటే తడి ఆరనిది అనే. ఈ పూటే పట్టిందన్న అర్థం అందులో లేదు. నిన్న పట్టి ఐసులో పెట్టిన చేప కూడా పచ్చిచేపే. ఈ పూట పట్టిందని చెప్పాలనుకుంటే చేపలమ్మే ఆవిడ ఏ విశేషణమూ వాడదు. మొప్ప కిందికి బొటనవేలు పోనిచ్చి పైకెత్తి, లోపలి ఎరుపు చూపించి, ‘ఇప్పుడే వచ్చిందండి, మొప్ప చూడండి’ అంటుంది. ఇప్పుడే వచ్చింది, పొద్దున్నే కోసింది, అప్పుడే దించింది: తెలుగువాళ్ళం ఫ్రెష్ అన్న భావాన్ని ఎక్కువగా క్రియతోనే చెబుతాం. నిఘంటువులో విశేషణం కోసం వెతికితే ఇది దొరకదు. అందుకే మనకు మాట లేదన్న అపోహ పుడుతోంది.

పచ్చికి ఇంకా చాలా వ్యాప్తి ఉంది. పచ్చ రంగుకీ దీనికీ మూలం ఒకటే. తమిళంలోనూ పచ్చై అంటే ఆకుపచ్చా, పచ్చిదీ రెండూ. సున్నం ఆరని గోడ పచ్చిగా ఉంటుంది. మానని పుండు పచ్చిపుండు. కాన్పయి కొద్దిరోజులే అయిన తల్లి పచ్చి బాలింత. ఈ చివరి మాటలో ఎంత జాలి, ఎంత జాగ్రత్త ఉన్నాయో చూడండి. ఫ్రెష్ అన్న మాట అక్కడికి చేరలేదు.

పాల దగ్గర పిల్లల్ని రెండు అర్థాలు విడదీయమనండి. పచ్చిపాలు అంటే కాచనివి. అప్పుడే పితికి ఇంకా వెచ్చదనం పోనివి గుమ్మపాలు. సంస్కృతంలో వీటినే ధారోష్ణం అంటారు. గుమ్మపాలు అన్న మాట ఈ తరం నోట దాదాపు వినబడటం లేదు. పాడి ఉన్న ఇళ్ళు మీ చుట్టూ ఇంకా ఉన్నాయి కాబట్టి దాన్ని దయచేసి పిల్లలకు అందించండి.

‘తాజా నీరు’ మాత్రం కొట్టేయవలసిందే. సైన్సు పాఠంలో ఫ్రెష్ వాటర్ అంటే ఉప్పులేని నీరు. దానికి ఎదురుమాట ఉప్పునీరు, కాబట్టి మన మాట మంచినీరు. కొల్లేరు మంచినీటి సరస్సు. శీలావతి, బొచ్చె మంచినీటి చేపలు. మీ ప్రాంతం వాళ్ళకు ఈ తేడా ఒకరు చెప్పక్కర్లేదు. వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే అంతర్వేది వైపు పోటు వేళ ఉప్పునీరు ఏట్లోకి ఎగదన్నుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవల వెంట డెల్టా ఊళ్ళకు వచ్చినవి మంచినీళ్ళు.

మళ్ళీ ‘కొత్తనీరు’ వేరు. వానాకాలంలో గోదావరి ఎర్రబడి దిగే వరదనీరు అది. సముద్రంలోని ఇలస ఏటికెదురీది వచ్చి పులస అయ్యేది ఆ రోజుల్లోనే. కొత్తనీరూ ఉప్పులేనిదే, కానీ బురద తేరుకునేదాకా తాగలేం. ఇంగ్లీషులో రెండింటికీ ఫ్రెష్ అనవచ్చు, మనం ఒకదాని బదులు ఇంకొకటి అనలేం.

కొత్త అన్నది ప్రతిచోటా మెచ్చుకోలు కాదు. కొత్తావకాయ, కొత్తబెల్లం అంటే నోరూరుతుంది; కొత్తబియ్యం అంటే అన్నం ముద్దవుతుందని పాతబియ్యం అడిగి కొంటారు. కావ్యభాషలో ఈ క్రొత్తే సమాసంలో కురచబడి క్రొన్నెల (నెలవంక), క్రొవ్విరి (కొత్త పువ్వు), క్రొన్నన (కొత్త మొగ్గ) అయింది. ఫ్రెష్ ఐడియాకు కొత్త ఆలోచన చాలు.

కూరగాయల్లో ‘లేత’ని ఫ్రెష్‌తో కలపకూడదు. లేతకు ఎదురు ముదురు. ఇప్పుడే కోసిన బెండకాయ ముదురుదీ కావచ్చు. కొస విరిస్తే టక్కున విరిగిందే లేతది. ఆకుకూర నవనవలాడుతోంది అంటే వడలలేదని. కడియం పూల మార్కెట్టులో పూలైతే వాడనివి, కమలనివి. వండిన వంటకు ‘వేడివేడిగా’ అంటాం, ఎదురుమాట చద్ది. రోటిపచ్చడికి ఎదురుమాట నిలవపచ్చడి.

ఇక తాజా. అది పారశీ మాట, ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. అంతమాత్రాన వెలివేయనక్కర్లేదు. ‘తాజా వార్తలు’ అన్నచోట అది బాగా కుదురుకుంది. పచ్చివార్తలు, లేతవార్తలు అని ఎవరూ అనరు. తాజా కూరగాయలు అని పిల్లలు రాస్తే తప్పుపెట్టకండి. నా అభ్యంతరమల్లా అది మిగతా మాటలన్నిటినీ తోసేసి కూర్చోవడం మీదే.

తాజా గాలి అన్నదీ అలాంటిదే. చల్లగాలి, పైరగాలి అని రాయించండి. గట్టు మీదికి వెళ్ళేవాడు ‘కాసేపు గాలికి తిరిగొస్తాను’ అంటే సరిపోతుంది. ‘ఫ్రెష్ అయి వస్తా’ కూడా ఇళ్ళల్లో పాకింది. ‘మొహం కడుక్కుని వస్తా’, ‘స్నానం చేసి వస్తా’ అంటే పోయేదేమీ లేదు, పైగా ఏం చేయబోతున్నామో తెలుస్తుంది. ఎండనపడి వచ్చి చెంబెడు మజ్జిగ తాగినవాడు ‘ఫ్రెష్‌గా ఉంది’ అనబోతే, ‘ప్రాణం లేచొచ్చింది’ అనమనండి.